గ్రేవీ రుచంతా ట్రే అడుగునే

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం కంటోన్మెంట్. మా మరిది, తోటికోడలు ఇంగ్లండులో ఉంటారు. ఈ క్రిస్మస్‌కి వస్తున్నారు. రోస్ట్ బీఫ్ చెయ్యమని, దాని మీద పోసుకునే బ్రౌన్ గ్రేవీ కూడా ఉండాలని మరిది ఇప్పటినుంచే అడుగుతున్నాడు. పోయిన నెల ఒకసారి చేసి చూశాను. ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) ట్రేలో ఫాయిల్ పరిచి మాంసం పెట్టాను. అడుగున దిగిన నూనె, నీరు నీసుగా ఉంటాయని పారబోశాను. వేరే గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో మైదా వేసి, రంగుకి సోయా సాస్ పోశాను. అంతా ఉండలు కట్టింది. వడకడితే జిగురు నీళ్లలా మిగిలింది, రుచీ పచీ లేదు. మా అత్తగారు "మసాలా లేకుండా అదేం కూర? అల్లం వెల్లుల్లి, గరం మసాలా వెయ్యి, అదే బాగుంటుంది" అంటున్నారు. మరిదేమో అక్కడి గ్రేవీ పొడి డబ్బా తెస్తానంటున్నాడు. ఇంట్లో చేత్తో చేసుకునే తేలిక పద్ధతి ఉంటే చెప్పండి. ఆ రోజు భోజనానికి వచ్చేవాళ్లలో బీఫ్ తిననివాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి ఏం చెయ్యాలో కూడా చెప్పండి.
(ఒక సోదరి, విజయనగరం)

జవాబు: చెల్లెమ్మా, మీరు పారబోసిందే గ్రేవీ. మిగతాదంతా దాన్ని కావలసినంత చిక్కగా చేసుకునే పని, అంతే. నీసు వాసన భయం మన ఇళ్లలో అందరికీ ఉండేదే. పచ్చిమాంసం కడిగిన నీళ్లు నీసుగా ఉంటాయి, నిజమే. ఓవెన్‌లో గంటల తరబడి మరిగి, ఎర్రబడి ట్రేకి అంటుకున్నది మాత్రం అలా ఉండదు. మీ వంట మొత్తంలో అంత రుచి ఉన్న చోటు మరొకటి లేదు.

మాంసం కాలుతున్నప్పుడు అందులోంచి రసం దిగుతుంది. రసంలోని నీరు ఆవిరైపోయి, మిగిలినది అడుగున అట్టు కడుతుంది. మాంసంలోని ప్రొటీన్లు, చక్కెరలు గట్టి వేడికి కలిసి ఎర్రబడడమే ఆ రంగు, ఆ వాసన. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ 1912లో దీని గురించి రాశాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. దోసె అడుగు ఎర్రబడేదీ, ఉల్లిపాయ వేగి రంగు తిరిగేదీ ఇలాగే. ఇది త్వరగా జరగాలంటే 140 డిగ్రీలకు పైన వేడి కావాలి, తడి ఉండకూడదు. నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు. అందుకే నీళ్లలో ఉడికించిన మాంసం ఎంత మెత్తబడినా రోస్ట్ వాసన రాదు. నీళ్లు, మైదా, సోయా సాస్ కలిపి ఎంతసేపు మరిగించినా కూడా అంతే.

కాబట్టి మొదట ఆ ఫాయిల్ తీసెయ్యండి. ఎర్రబడ్డదంతా ఫాయిల్‌కి అంటుకుని చెత్తబుట్టలోకి పోతోంది. ట్రే తోముకోవడం కష్టమని ఫాయిల్ పరుస్తాం కానీ, గ్రేవీ చేసుకుంటే ట్రే దానంతటదే సగం శుభ్రమైపోతుంది.

ఇక మాంసం సంగతి. ఇంగ్లండు పద్ధతులు రాసేవాళ్లు కొవ్వు బాగా పట్టిన ఎద్దుమాంసాన్ని మనసులో పెట్టుకుని రాస్తారు. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవుని కొయ్యకూడదు. మన అంగళ్లలో దొరికే పెద్దమాంసం ఎక్కువగా గేదె, దున్నలది. దీనికి రంగు ఎక్కువ, కండల మధ్య కొవ్వు తక్కువ, నార గట్టి. అక్కడిలా గంటలో కాల్చి, లోపల ఎర్రగా ఉండగానే కోసుకు తినే మాంసం కాదిది. అలా వదలొద్దు కూడా, లోపలి దాకా ఉడకాలి. దుకాణంలో ముందురోజే చెప్పి ఉంచండి: తొడ భాగం, కిలోన్నర, ఒకటే ముక్క. చెప్పకపోతే అలవాటు కొద్దీ కూరముక్కలు కొట్టేస్తారు. పనిలో పనిగా ఒక అరకిలో ఎముకలు, గుప్పెడు కొవ్వు కూడా అడిగి తెచ్చుకోండి.

ముక్కకి ఉప్పు, మిరియాల పొడి రాసి, దారంతో బిగించి కట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచండి. పైన తడి ఆరుతుంది. మర్నాడు ట్రేలో అడుగున రెండు పెద్ద ఉల్లిపాయలు, ఒక క్యారట్ మందంగా చక్రాలు కోసి పరిచి, దానిమీద ముక్క పెట్టండి. తెచ్చిన కొవ్వుని సన్నగా కోసి పైన పరవండి. కొవ్వు దొరక్కపోతే రెండు చెంచాల వెన్న రాయండి. 220 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉంచితే పైన రంగు వస్తుంది. తరవాత వేడి 150కి తగ్గించి, ట్రేలో అరగ్లాసు వేడి నీళ్లు పోసి, ట్రే అంచుల మీద గట్టిగా మూత వేసి రెండున్నర, మూడు గంటలు వదిలెయ్యండి. మూత లేకపోతే ఇక్కడ మాత్రం ఫాయిల్ పైన కప్పండి. కత్తి గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. ఆఖరి 20 నిమిషాలు మూత తీసేస్తే అడుగు నీరు ఇగిరి మళ్లీ ఎర్రబడుతుంది. ఇక్కడే కాస్త కనిపెట్టుకుని ఉండాలి. ఓటీజీల్లో కింది కడ్డీ ట్రేకి బాగా దగ్గరగా ఉంటుంది, మూల ఒక్కటి మాడినా గ్రేవీ అంతా చేదెక్కుతుంది.

మాంసం లోపల ఉండగానే ఎముకల నీళ్లు సిద్ధం చేసుకోండి. మూకుడులో ఎముకల్ని చెంచా నూనెతో ఎర్రగా వేయించి, కుక్కర్లో వేసి, ఒక ఉల్లిపాయ తొక్కతో సహా నాలుగు ముక్కలు చేసి, ఒక బిరియానీ ఆకు, పది మిరియాలు వేసి, లీటరు నీళ్లు పోసి, ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి 45 నిమిషాలు ఉంచండి. ఉల్లితొక్క మంచి రంగునిస్తుంది, సోయా సాస్ అక్కర్లేదు. దీంట్లో ఉప్పు వెయ్యకండి. వడకట్టి పక్కన పెట్టండి. ఎముకలు దొరక్కపోతే బంగాళాదుంపలు ఉడికించిన నీళ్లు వాడండి. అవీ లేకపోతే ఉత్త వేడి నీళ్లతోనైనా పని జరుగుతుంది, ట్రే అడుగు బాగుంటే చాలు.

మాంసం ఓవెన్‌లోంచి తీసి పళ్లెంలో పెట్టి, వదులుగా కప్పి 20 నిమిషాలు దాని జోలికి పోకండి. ఆ 20 నిమిషాలే మీ గ్రేవీ సమయం.

ట్రేలో ఉన్నదంతా వేడిగా ఉండగానే ఒక పొడవాటి స్టీలు గ్లాసులోకి వంచండి. ఉల్లి, క్యారట్ ట్రేలోనే ఉండనివ్వండి. రెండు మూడు నిమిషాల్లో కొవ్వు పైకి తేలి, రసం కిందికి దిగుతుంది. కొవ్వుని గరిటెతో తీసి గిన్నెలోకి ఎత్తండి. ఇప్పుడు ట్రే వంక చూడండి. అడుగున అంటుకున్నది ముదురు బెల్లం రంగులో ఉంటే మంచిది. నల్లగా బొగ్గులా ఉంటే ఆ భాగాన్ని గీకవద్దు. అనుమానంగా ఉంటే వేలు తడి చేసి ఆ చోట అద్ది నాలుక మీద పెట్టుకోండి. చేదుంటే వదిలెయ్యండి, ఉప్పఉప్పగా కమ్మగా ఉంటే అది మీదే. ఓటీజీ ట్రేలు పలచన, స్టవ్ మంట మీద పెడితే వంగిపోతాయి. అందుకని ఒక గ్లాసు సలసల మరిగే ఎముకల నీళ్లు ట్రేలో పోసి, ఒక నిమిషం నాననిచ్చి, చెక్క గరిటెతో మెల్లగా రుద్దండి. అంటుకున్నదంతా పొరలు పొరలుగా లేచి నీళ్లలో కరిగి, నీళ్లు కాఫీ డికాక్షన్ రంగుకి తిరుగుతాయి. ఆ నీళ్లని, గ్లాసు అడుగున ఉన్న రసాన్ని, మిగతా ఎముకల నీళ్లని ఒక గిన్నెలో కలిపి కొలవండి. ఎనిమిదిమందికి 600 మిల్లీలీటర్లు సరిపోతాయి.

మందపాటి మూకుడులో, ఎత్తి పెట్టుకున్న కొవ్వు మూడు టేబుల్ స్పూన్లు వెయ్యండి. గేదెమాంసంలో కొవ్వు అంత రాకపోతే మిగతాది వెన్నతో నింపండి. నేనైతే వచ్చినా సగం వెన్నే వేస్తాను. పెద్దమాంసం కొవ్వు చల్లారగానే గడ్డకట్టి అంగిలికి అంటుకుంటుంది, మన డిసెంబరు చలికి అది ఇంకా త్వరగా జరుగుతుంది. వెన్న కలిస్తే ఆ బాధ తగ్గుతుంది. ట్రేలోని ఉల్లిపాయల్ని కూడా ఇందులో వేసి రెండు నిమిషాలు వేయించండి. తరవాత మూడు టేబుల్ స్పూన్ల మైదా చల్లి, సన్నటి మంట మీద నాలుగు నిమిషాలు కలుపుతూనే ఉండండి. మొదట తడి ఇసుకలా ఉంటుంది, కాసేపటికి వదులై నురగ కడుతుంది. పచ్చిపిండి వాసన పోయి బిస్కెట్ కాలుతున్న వాసన వస్తే సరిపోయింది. రంగు కోసం ఇంకా ఎర్రబడనివ్వాలంటే వద్దనను కానీ, పిండి ఎంత ఎర్రబడితే చిక్కబడే గుణం అంత తగ్గుతుంది, అప్పుడు ఇంకో చెంచా పిండి పడుతుంది.

ఇప్పుడు గిన్నెలోని రసం ఒక్క గరిటెడు పొయ్యండి. సర్రుమని పొంగి, పిండంతా గట్టి ముద్దయిపోతుంది. కంగారు పడొద్దు, అలాగే అవ్వాలి. కవ్వంతో కలిపి ముద్ద నున్నబడ్డాక రెండో గరిటె, అది కలిశాక మూడోది. మూడు గరిటెలు దాటాక మిగతాదంతా ఒకేసారి పోసెయ్యొచ్చు. మంట పెంచి ఒక పొంగు రానిచ్చి, మళ్లీ తగ్గించి ఏడెనిమిది నిమిషాలు మరగనివ్వండి. గరిటె ముంచి తీసి వెనకవైపు వేలితో గీత గీస్తే, ఆ గీత కలవకుండా నిలవాలి. కొంచెం పలచగా ఉండగానే దించండి, బల్ల మీదికి వెళ్లేలోపు ఇంకా చిక్కబడుతుంది. వడకట్టి, ఉల్లిపాయల్ని గరిటెతో నొక్కి పిండండి. అప్పుడు ఉప్పు చూడండి. మాంసానికి రాసిన ఉప్పు రసంలోకి దిగి ఉంటుంది కాబట్టి చాలాసార్లు మళ్లీ వెయ్యాల్సిన పనే ఉండదు. మిరియాల పొడి చిటికెడు, నిమ్మరసం నాలుగు చుక్కలు వేస్తే కొవ్వు బరువు తగ్గుతుంది. మాంసం విశ్రాంతి తీసుకున్న పళ్లెంలో ఇంకాస్త రసం ఊరి ఉంటుంది, అది కూడా ఇందులోకే పొయ్యండి.

మీకు ఉండలెందుకు కట్టాయో చెప్తాను. చోడి అంబలి కాచేటప్పుడు మనం పొడిపిండి తీసుకెళ్లి మరిగే ఎసట్లో చల్లం కదా. చల్లనీళ్లలో జారుగా కలిపి పోస్తాం. మైదా అయినా అంతే. పొడిపిండి వేడినీళ్లలో పడగానే పైపొర ఉడికి జిగురై మూతలా బిగుసుకుంటుంది, లోపల పిండి పొడిగానే ఉండిపోతుంది. కొవ్వులో వేయిస్తే ప్రతి రవ్వ చుట్టూ కొవ్వు పట్టి ఒకదానికొకటి అంటుకోవు, అందుకే మైదాకి ఆ పద్ధతి. కొవ్వు తక్కువ కావాలనుకుంటే మీకు చేతనైన అంబలి పద్ధతే వాడండి. ముక్కల పులుసులో పెట్టినట్టు రెండు టేబుల్ స్పూన్ల బియ్యప్పిండిని చల్లనీళ్లలో కలిపి, మరిగే రసంలో సన్నధారగా పోస్తూ కలపండి. గోధుమ పడనివాళ్లకి ఇదే మంచిది. కార్న్‌ఫ్లోర్ అయితే మైదాలో సగం చాలు, కానీ ఎక్కువసేపు మరిగిస్తే మళ్లీ పలచబడిపోతుంది. ఎంత జాగ్రత్తపడ్డా ఉండలు కడితే టీ వడకట్టుతో వడకట్టండి. మిక్సీలో తిప్పాలనుకుంటే చల్లారాకే తిప్పండి, వేడిది వేస్తే ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి. ఉప్పెక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే పీల్చేస్తుందని చెప్తుంటారు, నమ్మకండి. ఉప్పులేని ఎముకల నీళ్లు ఇంకొంచెం కలపడమే దారి. అందుకే వాటిలో ఉప్పు వద్దన్నాను.

మీ అత్తగారి మాట తోసిపుచ్చాల్సిన పని లేదు. ఆవిడ చెప్పిన మసాలాతో మంచి కూర అవుతుంది, ఆ మర్నాడు చేసుకోండి. ఇక్కడ లవంగం, చెక్క పడితే మూడు గంటలపాటు మీరు కష్టపడి తెచ్చుకున్న కాల్చిన వాసన కనపడకుండా పోతుంది. మిరియం, బిరియానీ ఆకు వరకూ సరే. ఆవిడకి చప్పగా అనిపించకుండా ఒక పని చెయ్యండి. ఇంగ్లండులోనూ రోస్ట్ బీఫ్ పక్కన ఘాటైన ఆవముద్ద పెట్టుకుంటారు. ఆవ పెట్టడంలో మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ముద్ద మీ అత్తగారి చేత్తోనే నూరించండి. రెండు చెంచాల ఆవాలు, ఉప్పు, చల్లటి నీళ్లతో నూరి, పది నిమిషాలు ఊరనివ్వాలి. ఆవాలు నలిగి చల్లటి తడి తగిలితేనే ఘాటు పుడుతుంది, వేడినీళ్లు పోస్తే ఆ ఘాటు చచ్చిపోతుంది. కాబట్టి గ్రేవీలో వేసి మరిగించకండి. పళ్లెంలో పక్కన పెట్టుకుని ఎవరికి కావలసినంత వాళ్లు అద్దుకుంటారు. మీ తోటికోడలికి ఆ ముద్ద మీద మక్కువ కలిగినా ఆశ్చర్యం లేదు.

పొడి డబ్బా గురించి. అక్కడ బిస్టో అనే గ్రేవీ పొడి 1908 నుంచీ అమ్ముతున్నారు, ఇంటింటా ఉంటుంది, తప్పుపట్టాల్సిందేమీ లేదు. దాంట్లో ఉండేది ముఖ్యంగా పిండి, ఉప్పు, రంగు. చిక్కదనం, రంగు అది ఇస్తుంది. మీ మాంసం రుచి మాత్రం దాంట్లో ఎలా ఉంటుంది? మరిది తెస్తానంటే తేనివ్వండి, మీకు వీల్లేని రోజున పనికొస్తుంది. క్రిస్మస్ రోజున వద్దు.

బీఫ్ తిననివాళ్లకి కోడిని పెట్టండి. కిలోంబావు కోడిని వెన్న, ఉప్పు, మిరియం రాసి, అడుగున ఉల్లిపాయలు పరిచి 190 డిగ్రీల్లో గంటా పది నిమిషాలు కాలిస్తే చాలు, తొడ దగ్గర గుచ్చితే ఎరుపు లేకుండా తేట నీరు రావాలి. కోడి నుంచి కొవ్వు బాగా దిగుతుంది, గ్రేవీ ఇంకా తేలిక, కొలతలు అవే. కానీ ట్రే, గరిటె, వడకట్టు, ఎముకల నీళ్లు అన్నీ వేరుగా ఉండాలి. రెండూ ఒకే ఓవెన్‌లో కలిపి పెట్టొద్దు. కోడిని ముందు కాల్చేసి, దాని గ్రేవీ ముందే చేసి పక్కన పెట్టుకోండి. ఏ గిన్నె దేనిదో వాళ్లకి అడగకముందే చెప్పండి, మొహమాటానికి తినేవాళ్లు ఉంటారు. అసలు మాంసమే ముట్టనివాళ్లుంటే వెన్నలో ఉల్లిపాయలు అరగంటసేపు సన్నటి సెగ మీద ముదురు ఎరుపు వచ్చేదాకా వేయించి, పుట్టగొడుగులు వేసి, వాటి నీరు ఇగిరి మూకుడుకి అంటుకున్నాక వేడినీళ్లు పోసి గీకండి. ఆ నీళ్లతో ఇదే పద్ధతి. చాలా బాగుంటుంది, నాకు కోడి గ్రేవీ కంటే ఇదే ఇష్టం.

గ్రేవీ వేడిగా ఉంటేనే గ్రేవీ. భోజనాలకి ఆలస్యమయ్యేలా ఉంటే టీ ఫ్లాస్కుని మరిగే నీళ్లతో కడిగి అందులో పోసి ఉంచండి, గంటసేపు అలాగే ఉంటుంది. పూర్తిగా శుభ్రంగా ఉన్న ఫ్లాస్కే వాడండి, టీ వాసన పడితే పోదు. కాల్చిన బంగాళాదుంపలతో బాగుంటుంది. పిల్లలకి వేడి అన్నంలో రెండు గరిటెలు పోసి కలిపి పెట్టండి, మారడుగుతారు. మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడెయ్యండి. గడ్డలా బిగుస్తుంది, కాసిని నీళ్లు చిలకరించి బాగా మరిగేదాకా వేడి చేస్తే మళ్లీ జారుతుంది.

ఇంకా రోజులున్నాయి కాబట్టి, వచ్చే ఆదివారం కోడితో ఒకసారి చేసి చూడండి. ఖర్చు తక్కువ, ట్రే అడుగు ఎంత ఎర్రబడాలో కంటికి తెలుస్తుంది, మీ ఓటీజీలో ఏ మూల ముందుగా మాడుతుందో కూడా తెలుస్తుంది. ఎముకల నీళ్లు క్రిస్మస్‌కి ముందురోజే కాచి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, పండగ రోజు పొద్దున్నే చర్చికి వెళ్లి వచ్చేసరికి ఒక పని తగ్గి ఉంటుంది.